నిరుద్యోగ భృతి వేరు.. నిరుద్యోగ బీమా వేరు! ఆ లెక్క తేల్చిన రంగ్‌పూర్ బిడ్డ బెవరిడ్జ్ కథ ఇదీ

ఉద్యోగం పోయింది. నెల తిరిగేసరికి ఇంటి అద్దె కట్టాలి. చేతిలో ఉన్నది కొద్దిపాటి పొదుపు మాత్రమే. ఇలాంటి పరిస్థితిలో బ్రిటన్‌లో ఉన్న మనిషికి సర్కారు సాయం రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి న్యూ స్టైల్ జాబ్‌సీకర్స్ అలవెన్స్. గత రెండు మూడేళ్లలో ఉద్యోగం చేస్తూ నేషనల్ ఇన్సూరెన్స్ చందా సరిపడా కట్టారా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం. బ్యాంకులో ఎంత ఉంది, భార్య ఎంత సంపాదిస్తోంది అని అడగరు. గరిష్టంగా 182 రోజులు ఇస్తారు. రెండోది యూనివర్సల్ క్రెడిట్. దీనికి చందాతో పని లేదు. కానీ ఇంటి ఆదాయం, పొదుపు అన్నీ చూస్తారు. పొదుపు 16 వేల పౌండ్లు దాటితే సాధారణంగా రాదు. అర్హత ఉంటే రెండూ అడగొచ్చు గానీ, మొదటిదాంట్లో వచ్చిన సొమ్మును రెండోదాంట్లో కోసేస్తారు.

అక్కడ ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లకు ఈ తేడా ఇంకా ముఖ్యం. చాలా వీసాలపై ప్రభుత్వ నిధుల నుంచి సాయం తీసుకోకూడదన్న షరతు ముద్ర వేసి ఉంటుంది. యూనివర్సల్ క్రెడిట్ ఆ నిషేధం కిందికి వస్తుంది. చందా కట్టి సంపాదించుకున్న అలవెన్స్ మాత్రం ఆ జాబితాలో లేదు. ఎందుకంటే అది దానం కాదు, కట్టిన బీమాకు వచ్చే సొమ్ము.

ఇంత పట్టింపు ఎక్కడి నుంచి వచ్చింది? చందాకు, అవసరానికి మధ్య ఈ గీత ఎవరు గీశారు? ఒక్కరే గీశారని చెప్పలేం. కానీ ఆ గీత కోసం 30 ఏళ్లకు పైగా పట్టుబట్టి కూర్చున్న మనిషి మాత్రం ఒకరున్నారు. ఆయన పేరు విలియం బెవరిడ్జ్. పుట్టింది లండన్‌లో కాదు, అప్పటి బెంగాల్‌లోని రంగ్‌పూర్‌లో. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది.

అమ్మ బాబర్‌నామా.. నాన్న అక్బర్‌నామా

1879 మార్చి 5న విలియం పుట్టేనాటికి తండ్రి హెన్రీ బెవరిడ్జ్ ఇండియన్ సివిల్ సర్వీసులో జడ్జి. తల్లి అనెట్ అక్రాయిడ్ పెళ్లికి ముందే కలకత్తా వచ్చి, 1873లో హిందూ ఆడపిల్లల కోసం బడి పెట్టిన మనిషి. భారత చరిత్ర చదివినవాళ్లకు ఈ దంపతుల పేర్లు మరోలా తెలుసు. బాబర్‌నామాను ఇంగ్లిష్‌లోకి తెచ్చింది ఆవిడే, అక్బర్‌నామాను పార్శీ నుంచి అనువదించింది ఆయనే. ఇక ఇంట్లో రాజకీయం చూస్తే.. తెల్లవాళ్లను భారతీయ జడ్జీలు విచారించవచ్చన్న ఇల్బర్ట్ బిల్లుపై 1883లో పెద్ద రభస జరిగినప్పుడు తండ్రి బిల్లు వైపు, తల్లి బిల్లుకు వ్యతిరేకంగా నిలబడ్డారు.

పిల్లాడిని చిన్నప్పుడే ఇంగ్లండ్ పంపేశారు. చార్టర్‌హౌస్ స్కూలు, ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీ. లెక్కల్లోనూ, గ్రీకు లాటిన్ సాహిత్యంలోనూ ఫస్ట్ క్లాసు. తండ్రికి కొడుకు లాయర్ కావాలని ఉంది. కానీ 1903లో బెవరిడ్జ్ ఆ దారి వదిలేసి, తూర్పు లండన్ పేదవాడల్లో పనిచేసే టాయిన్‌బీ హాల్ అనే సేవా కేంద్రంలో సబ్ వార్డెన్‌గా చేరారు. ఇంట్లో పెద్ద గొడవే అయింది.

రేవు గేటు దగ్గర చూసింది..

తూర్పు లండన్ అంటే అప్పట్లో ఓడరేవు. రోజూ తెల్లవారకముందే వందలమంది కూలీలు డాక్ గేట్ల దగ్గర గుమిగూడేవారు. మేస్త్రీ వచ్చి కొందరిని వేలితో చూపించి లోపలికి పిలిచేవాడు. మిగతావాళ్లు వెనక్కి. మర్నాడు మళ్లీ అదే గేటు, అదే ఆశ. హైదరాబాద్‌లో లేబర్ అడ్డాలు చూసినవాళ్లకు ఈ సీన్ కొత్తేమీ కాదు.

పని దొరకనివాడు సోమరి అన్నదే ఆనాటి పెద్దమనుషుల మాట. బెవరిడ్జ్ లెక్క వేరుగా వచ్చింది. ప్రతి గేటు దగ్గరా అవసరం కంటే ఎక్కువమంది కాచుకుని ఉండటం యజమానులకు లాభం, కూలీలకు నష్టం. ఒక గేటు దగ్గర మనుషులు ఎక్కువై, పక్క గేటు దగ్గర తక్కువైనా ఆ కబురు ఎవరికీ తెలియదు. కాబట్టి తప్పు మనిషిలో కాదు, పనిని పంచే పద్ధతిలోనే ఉంది. 1909లో వచ్చిన ఆయన పుస్తకం సారాంశం ఇదే. నిరుద్యోగం అనేది పరిశ్రమల సమస్య అని పేరులోనే చెప్పేశారు.

అలాగని ఆయన్ను కరుణామూర్తి అనుకుంటే పొరపాటే. పని చేసే సామర్థ్యమే లేనివాళ్లను ప్రభుత్వం పోషించాలి గానీ, ఓటు హక్కుతో సహా పౌర హక్కులన్నీ తీసేయాలని 1906లో ఆయనే రాశారు. పిల్లల్ని కనే హక్కు కూడా ఉండకూడదట. ఆ కాలంలో చదువుకున్నవాళ్లు చాలామంది ఇలాగే ఆలోచించారనే సమర్థన ఉంది. అయినా ఆ వాక్యాలు ఆయన పేరు మీదే ఉన్నాయి, చెరగవు.

మార్నింగ్ పోస్ట్ పత్రికలో సంపాదకీయాలు రాస్తున్న రోజుల్లోనే, 1907లో, జర్మనీ వెళ్లి అక్కడి ఉపాధి కార్యాలయాలు చూసొచ్చారు. మరుసటి ఏడాది బియాట్రిస్ వెబ్ ఆయన్ను ఓ యువ మంత్రికి పరిచయం చేశారు. ఆ మంత్రి విన్‌స్టన్ చర్చిల్. అప్పుడు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అధ్యక్షుడు. బెవరిడ్జ్ ఆ శాఖలో చేరిపోయారు. 1910 ఫిబ్రవరి 1న దేశవ్యాప్తంగా లేబర్ ఎక్స్చేంజీలు తెరుచుకున్నాయి. ఇవి సమ్మెలు విరగ్గొట్టే కూలీలను సప్లై చేసే దుకాణాలవుతాయేమోనని యూనియన్లు మొదట భయపడ్డాయి.

5 స్టాంపులకు ఒక వారం

ఎక్స్చేంజీ సగం పనే. పని దొరికేదాకా మనిషి ఏం తినాలి? ఇక్కడే బీమా వచ్చింది. 1911 నాటి నేషనల్ ఇన్సూరెన్స్ చట్టం రెండో భాగాన్ని బెవరిడ్జ్, ఆయన పై అధికారి హ్యూబర్ట్ లెవెలిన్ స్మిత్ కలిసి తయారు చేశారు. ప్రపంచంలో ఒక దేశం మొత్తానికి వర్తించే తప్పనిసరి నిరుద్యోగ బీమా అదే మొదటిది.

లెక్క ఇలా ఉండేది. వారానికి కార్మికుడి జీతంలోంచి 2.5 పెన్నీలు, యజమాని నుంచి మరో 2.5 పెన్నీలు. ఈ రెండూ కలిపిన మొత్తంలో మూడో వంతు ప్రభుత్వం వేస్తుంది. చందా కట్టినట్టు పుస్తకంలో స్టాంపు అంటిస్తారు. పనిలో ఉన్నంతకాలం ఆ పుస్తకం యజమాని దగ్గర, పని పోతే ఎక్స్చేంజీ దగ్గర. మొదటి వారం ఏమీ రాదు. ఆ తర్వాత వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాలకు మించకుండా. అదీ 5 స్టాంపులకు ఒక వారం చొప్పున. 20 స్టాంపులు ఉన్నవాడికి 4 వారాలు. పూర్తి 15 వారాలు కావాలంటే 75 స్టాంపులు ఉండాలి.

7 షిల్లింగులతో ఇల్లు గడవదు. అది తెలిసే అంత తక్కువ పెట్టారు. పొదుపుకు, యూనియన్ సాయానికి తోడుగా ఉంటే చాలన్నది వాళ్ల ఆలోచన. ఎక్కువిస్తే పని వెతకరనే భయం కూడా ఉంది.

అందరికీ వర్తించిందా అంటే లేదు. భవన నిర్మాణం, ఓడల తయారీ, ఇంజినీరింగ్, ఇనుప పోత, వాహనాల తయారీ, కలప కోత లాంటి కొన్ని పనుల్లో ఉన్న దాదాపు 22.5 లక్షల మందికే. వీళ్లలో దాదాపు అందరూ మగవాళ్లే. 1912 జులైలో చందాలు మొదలయ్యాయి, 1913 జనవరిలో చెల్లింపులు మొదలయ్యాయి. ఇంకో వింత ఏంటంటే.. 500 చందాలు కట్టి 60 ఏళ్లు నిండినవాడు, తాను తీసుకున్న భృతి పోగా మిగిలిన తన చందాను 2.5 శాతం చక్రవడ్డీతో వెనక్కి అడగొచ్చు. ఈ నిబంధనను తర్వాత ఎత్తేశారు.

చట్టం తయారవుతున్నప్పుడే ఒక ప్రశ్న మీద గట్టి వాదన నడిచింది. తాగి పనిలోకి వచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నవాడికి భృతి ఇవ్వాలా? అధికారులు వద్దన్నారు. చర్చిల్ మాత్రం ఇవ్వాలన్నారు. వాడు చందా కట్టాడు, వాడి గుణగణాలతో బీమాకు పనేంటన్నది ఆయన తర్కం. ఇల్లు కాలిపోతే బీమా కంపెనీ పాలసీ చూస్తుంది గానీ యజమాని మంచివాడా అని చూడదు కదా. చివరికి అధికారుల మాటే నెగ్గింది. తప్పు చేసి పని పోగొట్టుకున్నా, సరైన కారణం లేకుండా మానేసినా 6 వారాలు భృతి ఉండదని రాశారు. పేరు మారింది, గడువు మారింది గానీ ఈ కోత ఇప్పటికీ ఉంది. స్వయంగా రాజీనామా చేసినవాడికి వెంటనే డబ్బు ఎందుకు రాదన్న ప్రశ్నకు మూలం అక్కడే ఉంది.

చందా అయిపోయాక ఎవరు దిక్కు?

మొదటి ప్రపంచ యుద్ధంలో బెవరిడ్జ్ ఆయుధాల శాఖలో, ఆహార శాఖలో పనిచేశారు. 1919లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ డైరెక్టరై 1937 దాకా అక్కడే ఉన్నారు. ఆ 18 ఏళ్లలో ఆ సంస్థ చాలా పెద్దదైంది. ఆయన పొగరు మీద ఫిర్యాదులూ అంతే పెరిగాయి. హిట్లర్ వచ్చాక జర్మనీ నుంచి తరిమేసిన ప్రొఫెసర్లను ఆదుకోవడానికి 1933లో ఓ మండలి పెట్టించడంలో ముందున్నది కూడా ఆయనే.

ఈలోపు ఆయన బీమా పథకం తలకిందులైంది. 1920లో దాన్ని కోటి మందికి పైగా కార్మికులకు విస్తరించారు. సరిగ్గా అప్పుడే మాంద్యం వచ్చిపడింది. 1921లో నిరుద్యోగులు 20 లక్షలు దాటారు. కొత్తగా చేరినవాళ్ల పుస్తకాల్లో స్టాంపులే లేవు. 5 స్టాంపులకు ఒక వారం అనే లెక్క పట్టుకుంటే జనం ఆకలితో చస్తారు. దాంతో చందా లేకపోయినా ఇచ్చే అదనపు భృతి మొదలైంది. దీన్నే జనం డోల్ అన్నారు. ఇది నిజంగా బీమాయా, దానమా అని అడిగితే ఎవరి దగ్గరా సూటి జవాబు లేదు. నిజంగా పని వెతుకుతున్నట్టు రుజువు చేయాలన్న నిబంధన తెచ్చారు. ఊళ్లో పనే లేదని అందరికీ తెలిసినా, ఏ ఏ గేట్ల దగ్గరికి వెళ్లొచ్చావో చెప్పాల్సిందే.

1931లో ప్రభుత్వం భృతిలో 10 శాతం కోసింది. చందా మీద వచ్చే భృతిని 26 వారాలకు పరిమితం చేసింది. అది దాటినవాళ్లకు ఆదాయ పరీక్ష పెట్టింది. మీన్స్ టెస్ట్ అన్న ఆ మాట బ్రిటన్ కార్మిక కుటుంబాల్లో ఇప్పటికీ తిట్టులాగే వినిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఇంటికొచ్చి చూసేవాడు. అమ్ముకోదగ్గ వస్తువులు ఉన్నాయా, కొడుకు సంపాదిస్తున్నాడా, కూతురు పనికి పోతోందా? పిల్లల జీతం తండ్రి భృతిలోంచి కోసేవారు. తండ్రి కొడుకు మీద పడి తినాల్సి రావడం భరించలేక పిల్లలు ఇల్లు వదిలి వేరే గదులు తీసుకున్న ఇళ్లు ఎన్నో. పొదుపు చేసినవాడికి తక్కువ, చేయనివాడికి ఎక్కువ. ఏళ్ల తరబడి చందా కట్టినవాడు, ఎన్నడూ కట్టనివాడు ఒకే వరసలో.

బెవరిడ్జ్ మనసులో ఇది నాటుకుపోయింది. 1934లో ప్రభుత్వం బీమాను, సాయాన్ని వేరుచేసి రెండు సంస్థల చేతుల్లో పెట్టినప్పుడు, బీమా నిధిని కాపాడే చట్టబద్ధ కమిటీకి ఆయన్నే ఛైర్మన్ చేశారు. పదేళ్లు ఆ పదవిలో ఉన్నారు. అప్పటిదాకా బయటే ఉన్న వ్యవసాయ కూలీలకు 1936లో బీమా వచ్చింది ఆ కమిటీ హయాంలోనే.

కళ్లనీళ్లతో తీసుకున్న పని

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక దేశంలో మనిషి బలాన్ని నడిపించే పెద్ద బాధ్యత తనకే ఇస్తారని బెవరిడ్జ్ ఆశపడ్డారు. కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్‌కు ఈయనంటే పడేది కాదు. 1941 జూన్‌లో మరో మంత్రి ఆర్థర్ గ్రీన్‌వుడ్, సామాజిక బీమా పథకాలను సమీక్షించే శాఖాంతర కమిటీకి అధ్యక్షుడిగా పంపారు. చిక్కుముళ్లు విప్పే చిన్న ఆఫీసు పని అది. వదిలించుకోవడానికే ఇచ్చారని అర్థమై ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయని చెబుతారు.

ఏడాదిన్నర తిరిగేసరికి సీన్ మారిపోయింది. 1942 డిసెంబర్ మొదట్లో నివేదిక బయటికి రాగానే జనం ప్రభుత్వ పుస్తకాల దుకాణం ముందు క్యూ కట్టారు. సంక్షిప్త ప్రతితో కలిపి 6 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. నిండా పట్టికలు, లెక్కలు ఉన్న సర్కారు నివేదికకు ఇలాంటి గిరాకీ ముందెన్నడూ లేదు. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి.. ఈ ఐదు భూతాలను తరిమేయాలన్న మాట అందరి నోటా నానింది. కమిటీలో మిగతావాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు కావడంతో సంతకం మాత్రం ఆయనొక్కరిదే. అదే నెలలో, 63వ ఏట, ఎన్నో ఏళ్లుగా తనతో పనిచేసిన జెస్సీ మెయిర్‌ను పెళ్లి చేసుకున్నారు.

నివేదికలో అసలు పట్టు చందాదే. మగ కార్మికుడు వారానికి 4 షిల్లింగుల 3 పెన్నీలు, యజమాని 3 షిల్లింగుల 3 పెన్నీలు కడతారు. ఈ ఒక్క స్టాంపుతో నిరుద్యోగం, జబ్బు, వృద్ధాప్యం, ప్రసూతి అన్నింటికీ రక్షణ. ధనికుడైనా పేదవాడైనా ఒకే చందా, ఒకే భృతి. దంపతులకు వారానికి 40 షిల్లింగులు, ఒంటరి మగవాడికి 24. ఆదాయ పరీక్ష అడుగున ఎక్కడో కొద్దిమందికి మిగిలిపోతుంది, క్రమంగా అదీ తగ్గిపోతుందని ఆయన నమ్మకం. నిరుద్యోగ భృతికి గడువు పెట్టొద్దన్నారు కూడా. కొన్నాళ్లు దాటితే శిక్షణ కేంద్రానికి రావాలన్నది మాత్రం షరతు.

ఇందులో పెద్ద లోపం ఆడవాళ్ల విషయంలో ఉంది. పెళ్లయిన స్త్రీ భర్త చందా నీడలో ఉంటుందన్నది ఆయన ఊహ. ఉద్యోగం చేసే గృహిణి కావాలంటే చందా కట్టకుండా ఉండొచ్చని వెసులుబాటు ఇచ్చారు. లక్షలమంది ఆడవాళ్లు ఆ దారే ఎంచుకున్నారు, చేతికొచ్చే జీతం కాస్త పెరుగుతుందని. పని పోయిన రోజున, వయసు మీదపడ్డాక గానీ ఆ పొదుపు ఖరీదు తెలిసిరాలేదు. భృతుల్లో ఏది ఎంచుకోవాలన్న నిర్ణయం పని పోయాక తీసుకునేది కాదు, చందా కట్టే రోజుల్లోనే తెలియకుండా జరిగిపోతుంది అనడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దొరకదు.

కన్న కల చట్టమైంది.. కానీ

ప్రధానిగా ఉన్న చర్చిల్ నివేదికను చల్లగా చూశారు. యుద్ధం అయ్యాక చూద్దామన్నారు. బెవరిడ్జ్ 1944లో లిబరల్ పార్టీ తరఫున బెరిక్ నుంచి పార్లమెంటుకు వెళ్లారు, మరుసటి ఏడాదే ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో గెలిచిన లేబర్ పార్టీ ఆయన ప్రణాళికను అమలు చేసింది, ఆయన్ను మాత్రం పక్కనపెట్టింది. 1948 జులై 5న కొత్త పథకం మొదలైంది. ఒంటరి మనిషికి నిరుద్యోగ భృతి వారానికి 26 షిల్లింగులు.

గడువు వద్దన్న మాట ప్రభుత్వం వినలేదు. 180 రోజులు అని పెట్టింది, ఎక్కువకాలం చందా కట్టినవాళ్లకు కొన్ని అదనపు రోజులు కలిపింది. ఈలోగా ధరలు పెరిగాయి. అద్దెలు ఊరికో తీరుగా ఉంటాయి కాబట్టి అందరికీ ఒకే భృతి అన్న సూత్రం ఇక్కడే దెబ్బతింది. చందా నిండుగా కట్టినవాడు కూడా అద్దె కోసం మళ్లీ ఆదాయ పరీక్ష దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. తగ్గిపోతుందనుకున్న వరస పెరుగుతూనే పోయింది. 1996లో జాబ్‌సీకర్స్ అలవెన్స్ వచ్చినప్పుడు చందా మీద ఇచ్చే భృతిని ఏడాది నుంచి 6 నెలలకు కుదించారు.

బెవరిడ్జ్ గాలి మన దేశానికీ తాకింది. కార్మికుల ఆరోగ్య బీమాపై 1944లో నివేదిక ఇచ్చిన ప్రొఫెసర్ బి.పి.అదార్కర్‌కు ఛోటా బెవరిడ్జ్ అన్న పేరు పడింది. దాని ఆధారంగానే 1948లో ఈఎస్‌ఐ చట్టం వచ్చింది. అయితే అందులో జబ్బుకు, ప్రసూతికి, ప్రమాదానికి చోటు దొరికింది గానీ నిరుద్యోగానికి దొరకలేదు. అది రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన మొదలైంది. జీవితంలో ఒక్కసారి, గరిష్టంగా 90 రోజులు, సగటు వేతనంలో 25 శాతం. కరోనా ఏడాది 2020లో దాన్ని 50 శాతం చేశారు. ఇక్కడా మొదటి ప్రశ్న అదే.. ఉద్యోగం పోవడానికి ముందు తగినన్ని రోజుల ఈఎస్‌ఐ చందా పడిందా? ఆంధ్రప్రదేశ్‌లో అదే 2018లో వచ్చిన యువనేస్తం లాంటి పథకాలు పూర్తిగా వేరు. వాటికి చందా లేదు, పోయిన ఉద్యోగమూ అక్కర్లేదు, చదువు, వయసు, కుటుంబ స్థితి చూసి ఖజానా నుంచి నెలకు వెయ్యి రూపాయలు ఇచ్చారు. రెండింటినీ జనం భృతి అనే అంటారు. అందుకే కంపెనీ జీతంలో ఈఎస్‌ఐ కోసి కట్టకుండా ఎగ్గొట్టినా, అది ఎంత పెద్ద నష్టమో పని పోయేదాకా చాలామందికి తెలియదు.

1946లో ఆయన లార్డ్ బెవరిడ్జ్ అయ్యారు. సంక్షేమ రాజ్యం అన్న మాట ఆయనకు నచ్చేది కాదు. అన్నీ సర్కారే ఇస్తుందన్న అర్థం అందులో ఉందని ఆయన బాధ. ఉత్తర ఇంగ్లండ్‌లో న్యూటన్ ఎక్లిఫ్ అనే కొత్త పట్టణాన్ని కట్టే సంస్థకు కొన్నేళ్లు అధ్యక్షుడిగా ఉన్నారు, ఆ ఊళ్లోనే కాపురం పెట్టారు. 1953లో ఆత్మకథ రాశారు. 1963 మార్చి 16న ఆక్స్‌ఫర్డ్‌లోని ఇంట్లో, 84 ఏళ్ల వయసులో కన్నుమూశారు. నార్తంబర్లాండ్‌లో థాక్రింగ్టన్ అనే చిన్న పల్లె చర్చి ఆవరణలో, భార్య జెస్సీ పక్కనే ఆయన సమాధి ఉంది.